‘ఏర్పరచబడిన జనం’ అన్న మాటను పలు మతాలవారు కలిసి చదవడం ఎలా

దేవుడు యూదులను తన జనంగా ఏర్పరచుకున్నాడన్న విశ్వాసం గురించి కడపలో చదవబూనినవారికి ఒక సౌలభ్యమూ ఒక చిక్కూ ఉన్నాయి. ఉగాదినాడు దేవుని కడపలో వేంకటేశ్వరస్వామి దర్శనానికి, బీబీ నాంచారి తమ ఆడపడుచన్న వరసతో, ముస్లిములు బారులు తీరే ఊరిది. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు పిల్లాపాపలతో వెళ్లే ఊరిది. 19వ శతాబ్దపు లండన్ మిషను నాటి నుంచి క్రైస్తవ సంఘాలు వేళ్లూనుకున్న ఊరిది. అందువల్ల మూడు మతాల చదువరులను ఒక గదిలోకి చేర్చడం ఇక్కడ పెద్ద పని కాదు. చిక్కల్లా, ఆ గదిలో యూదుడు ఒక్కడైనా ఉండడు. ఎవరి విశ్వాసం గురించి మాట్లాడుతున్నామో వారు ఎదుట లేనప్పుడు మాట తేలికగా జారుతుంది, అడ్డుచెప్పేవారు ఉండరు, చివరకు ఎవరికి వారు తమ మతం గురించే మాట్లాడుకొని లేచి వెళ్లిపోతారు.

నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. ఎర్రముక్కపల్లెలో ఒక మిత్రుని మిద్దెమీద నెలకొకసారి కూర్చునే చిన్న చదువరుల బృందంతో ఈ విషయాన్ని మూడు విడతలుగా చదివించాను. మొదటిసారి పూర్తిగా చెడింది, రెండోసారి కొంత నయమయింది, మూడోసారి ఫరవాలేదనిపించింది. అటువంటి బృందాన్ని నడపదలచినవారికి, లేదా ఒంటరిగానే క్రమంగా చదువుకోదలచినవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు మాటను తేల్చుకోవాలి

మొదటి సమావేశంలో ఏ గ్రంథమూ తెరవకముందే నల్లబల్లమీద నాలుగు తెలుగు మాటలు రాయాలి: ఎంపిక, ఎన్నిక, వరణం, ఏర్పాటు. వీటిలో దేన్ని వాడతామన్నదాన్నిబట్టి సగం వాదం అక్కడే తేలిపోతుంది. ఎంపిక అనగానే ఉద్యోగాల జాబితా గుర్తుకొస్తుంది. మార్కులు ఎక్కువ వచ్చినవాడు గట్టెక్కాడు, రానివాడు మిగిలిపోయాడు అన్న అర్థం ఆ మాటలోనే ఇమిడి ఉంది. ఎన్నిక అంటే నేడు ఓట్లు తప్ప మరొకటి తోచదు. వరణంలో స్వయంవరం వాసన ఉంది. ప్రీతి కనిపిస్తుంది కాని పని కనిపించదు. తెలుగు బైబిలు అనువాదకులు పట్టుకున్నది ఏర్పాటు, ఏర్పరచుకొను అన్న మాటలను. ఏరి వేరుగా పెట్టడమన్నది మనకు కొత్త పని కాదు. అనంతపురం వైపు రైతు బుడ్డల (వేరుశనగల) రాశిలోంచి విత్తనానికని కొంత తీసి వేరే మూటకట్టి పెడతాడు. ఆ మూటలోవి ఇంట్లో ఎవరూ తినరు, అమ్మరు. వాన పడిననాడు మన్నులో కలవవలసినవి అవే. వేరుగా పెట్టడమంటే గౌరవం ఒక్కటే కాదని, కష్టం కూడానని ఈ ఉదాహరణ చెప్పగానే మా బృందంలో సేద్యం తెలిసినవారు తల ఊపారు.

అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుందని కూడా వెంటనే చెప్పాలి. రైతు గట్టి గింజలనే ఏరుతాడు. యూదుల మూలగ్రంథమైన తోరాలోనూ క్రైస్తవుల పాత నిబంధనలోనూ ఉన్న ద్వితీయోపదేశకాండం 7వ అధ్యాయం మాత్రం, యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులతో, మీరు లెక్కకు ఎక్కువమంది అయినందువల్ల దేవుడు మిమ్మల్ని ఏర్పరచుకోలేదు, అన్ని జనాలకంటే మీరు తక్కువే కదా అంటుంది. 9వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, మీ నీతిని చూసి ఈ దేశం మీకివ్వడం లేదు, మీరు మెడవంచని జనం అని ముఖం మీదే చెబుతుంది. యోగ్యతను చూసి ఏరలేదని మూలగ్రంథమే రెండుసార్లు పనిగట్టుకొని అంటున్నప్పుడు, ‘యూదులు తామే గొప్పవారమని అనుకుంటారు’ అన్న మాటతో చర్చ మొదలుపెట్టడం న్యాయం కాదు. అలా అనుకున్న యూదులు ఏ కాలంలోనూ లేరని నేననను. కాని అది ఆ మాటకు మొదటి అర్థం కాదు.

ఇంకొక మాటను కూడా ఇక్కడే పరిచయం చేయాలి. నిర్గమకాండం 19వ అధ్యాయంలో సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలీయులను హీబ్రూ మాటలో సెగుల్లా అంటాడు. తెలుగు బైబిలులో దీన్ని ‘స్వకీయ సంపాద్యము’ అన్నారు, చాలా చక్కని అనువాదం. రాజ్యంలోని సొమ్మంతా రాజుదే అయినా, తన సొంత పెట్టెలో దాచుకున్న బంగారం వేరుగా ఉంటుంది; దినవృత్తాంతాల మొదటి గ్రంథంలో రాజైన దావీదు దేవుని మందిరానికని తన సొంత బంగారం ఇచ్చినప్పుడు వాడినది ఈ మాటనే. సీనాయి దగ్గర ఆ వాక్యం ‘నా నిబంధన ప్రకారం నడిస్తే’ అన్న షరతుతో మొదలవుతుంది, ‘సమస్త భూమి నాదే’ అన్న మాటను మధ్యలో పెట్టుకుంటుంది, యాజకుల వంటి రాజ్యంగా ఉండాలన్న పనితో ముగుస్తుంది. ఆ మూడింటిని బల్లమీద ఒకదాని కింద ఒకటి రాసి అలాగే ఉంచాలి. చివరి సమావేశం దాకా వాటితో పనిపడుతూనే ఉంటుంది.

యూదుల మాట యూదుల నోటనే

మొదటి విడతలో నేను చేసిన పెద్ద తప్పు, పాత నిబంధన చదివితే యూదుమతం చదివినట్టేనని అనుకోవడం. ఆ గ్రంథభాగాలను చర్చిలో విని పెరిగినవారు వాటిని కొత్త నిబంధనకు మెట్లుగా చూస్తారు. యూదులు అలా చూడరు. వారికి తోరా తరువాత వచ్చేవి రబ్బీల, అంటే యూదు మతగురువుల, ధర్మచర్చల సంపుటాలైన మిష్నా, తాల్ముదు, వాటిమీద శతాబ్దాల వాదోపవాదాలు. కనుక వాక్యం చదివిన వెంటనే రబ్బీలు దానితో ఏంచేశారో చూపాలి. దీనికి రెండు కథలు చాలు.

మొదటి కథ సిఫ్రే అనే ప్రాచీన వ్యాఖ్యానంలోది. దేవుడు తోరాను ముందుగా ఇతర జనాల దగ్గరికే తీసుకువెళ్లాడట. ఏశావు సంతతి ఇందులో ఏముందని అడిగితే నరహత్య చేయకూడదని ఉందన్నాడు, మాకు వద్దన్నారు. మరొకరు వ్యభిచారం కూడదన్న ఆజ్ఞ విని, ఇంకొకరు దొంగతనం కూడదన్న ఆజ్ఞ విని వెనక్కు తగ్గారు. చివరకు ఇశ్రాయేలు ఒప్పుకున్నది. రెండో కథ తాల్ముదులో షబ్బాత్ అనే భాగంలో ఉంది. దేవుడు సీనాయి కొండను పెకలించి వారి తలలమీద గంగాళంలా బోర్లించి పట్టుకొని, ఒప్పుకుంటే సరే, లేకపోతే ఇదే మీ సమాధి అన్నాడట. ఒక కథలో వీరే ముందుకు వచ్చారు, రెండోదానిలో తప్పించుకోలేక ఒప్పుకున్నారు. రెండింటినీ అదే సంప్రదాయం దాచుకున్నది. ఎవరు ఎవరిని ఏర్పరచుకున్నారన్నది వారిలోనే తెగని వాదమని చూపడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

ఆ తరువాత ఆమోసు ప్రవక్తను చదివించాలి. ఈ విషయంలో ఆయనంత కఠినుడు మరొకడు లేడు. 3వ అధ్యాయం 2వ వచనంలో, భూమిమీది వంశాలన్నింటిలో మిమ్మల్నే ఎరుగుదును గనుక మీ దోషాలన్నింటికీ మిమ్మల్ని శిక్షిస్తాను అంటాడు. ఆ ‘గనుక’ దగ్గర ఆగి, వాక్యాన్ని మళ్లీ చదివించాలి. ఏర్పాటు రక్షణ పత్రమని ఎదురుచూసిన శ్రోతకు అది శిక్షకు కారణమై ఎదురవుతుంది. 9వ అధ్యాయం 7వ వచనంలో, మిమ్మల్ని ఐగుప్తునుంచి రప్పించినట్టే ఫిలిష్తీయులను కఫ్తోరునుంచి, సిరియనులను కీరునుంచి రప్పించింది నేనే కదా అని అడుగుతాడు. యెషయా 42, 49 అధ్యాయాల్లోని ‘జనాలకు వెలుగు’ అన్న మాటను దీని తరువాత చదివితేనే దాని బరువు తెలుస్తుంది.

మధ్యయుగానికి వచ్చేసరికి అభిప్రాయాలు రెండుగా చీలాయి. స్పెయినులో జీవించిన కవి యూదా హలేవీ, 1140 ప్రాంతంలో అరబ్బీలో రాసిన కుజారీ గ్రంథంలో, ఇశ్రాయేలుకు జన్మతః ఒక ప్రత్యేకమైన ఆధ్యాత్మిక శక్తి ఉందని వాదించాడు. ఒక తరం తరువాతి యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ (1138–1204) దానికి భిన్నమైన దారి పట్టాడు. ఆయన కూర్చిన పదమూడు విశ్వాస సూత్రాల్లో ఏర్పాటు ప్రస్తావనే లేదు. 20వ శతాబ్దంలో అమెరికాకు చెందిన రబ్బీ మొర్దెకై కప్లాన్ ఈ భావననే వదిలివేయాలన్నాడు. తోరా చదివే ముందు చెప్పే ఆశీర్వచనంలో ‘సమస్త జనాలలోంచి మమ్మల్ని ఏర్పరచుకున్నవాడు’ అన్న మాటను తీసివేసి 1945లో కొత్త ప్రార్థనల పుస్తకం అచ్చువేస్తే, న్యూయార్కులో ఒక సనాతన రబ్బీల సభ ఆయనను వెలివేసింది. పుస్తకం ప్రతిని అక్కడే తగలబెట్టారు. నేటి యూదుల్లో ఎక్కువమంది ఆ మాటను వదలలేదు, దాన్ని బాధ్యతగానే వివరిస్తారు. నోవహు సంతతి అంతటికీ, అంటే మనుషులందరికీ, 7 ఆజ్ఞలు చాలునని, తమకు మాత్రం 613 ఉన్నాయని వారు చెప్పే లెక్కలోనే ఆ భావం ఉంది. ఇతర జనాల్లోని నీతిమంతులకు పరలోకంలో భాగం ఉందన్నది రబ్బీల సంప్రదాయంలో స్థిరపడిన మాట. రక్షణ పొందాలంటే యూదుడు కావలసిన పని లేదు.

కులం ప్రశ్నను తప్పించుకోకూడదు

రాయలసీమలో ఏ బృందంలోనైనా అరగంటలోపే ఎవరో ఒకరు అడుగుతారు: ‘అయితే ఇది కూడా మన కులం వంటిదేనా?’ మొదటిసారి ఈ ప్రశ్నను తరువాత చూద్దామని పక్కన పెట్టాను. అది పక్కన కూర్చోలేదు, ప్రతి మాటలోనూ తల దూర్చింది. అందుచేత వచ్చినప్పుడే తీసుకొని తీరికగా మాట్లాడాలి.

పోలిక ఉన్నచోట ఉందని ఒప్పుకోవాలి. యూదత్వం సంప్రదాయం ప్రకారం తల్లి ద్వారా వస్తుంది. తినే తిండికి, పెళ్లికి కట్టుబాట్లున్నాయి. లోపల కూడా అహరోను వంశపు యాజకులకు, అంటే కొహేనులకు, వేరే మర్యాద ఉంది, మతం మారి వచ్చిన స్త్రీని కొహేను పెళ్లాడకూడదన్న నియమమూ ఉంది. ఇవన్నీ వింటే మన చెవికి పాత శబ్దమే వినబడుతుంది.

భేదం కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. బయటివాడు లోపలికి రావచ్చు, వచ్చాక అతడు యూదుల మూలపురుషుడైన అబ్రాహాము బిడ్డే. మోయాబు దేశపు రూతు ‘నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు’ అని అత్త వెంట నడిచింది. దావీదు రాజు ఆమె మునిమనుమడు. ఓబద్యా అనే మతాంతరుడు, ‘మా పితరుల దేవా’ అని ప్రార్థించే హక్కు నాకుందా అని అడిగితే, ఏ తేడా లేకుండా అలాగే చెప్పుకోమని మైమోనిడీస్ ఉత్తరం రాశాడు. చేరడానికి వచ్చినవాణ్ని రబ్బీలు ఏమని అడగాలో తాల్ముదు చెప్పిన తీరు మరీ విచిత్రం: ఈ కాలంలో ఇశ్రాయేలు పీడనకు, అవమానానికి గురవుతున్నదని నీకు తెలియదా, ఎందుకు వచ్చావు? తెలుసు, అయినా నేను అర్హుణ్ని కాను అని అతడంటే వెంటనే చేర్చుకోవాలి. తలుపు దగ్గర నిలబడి లోపలి కష్టాలు చెప్పి భయపెట్టే కులం నాకు తెలిసి మన దగ్గర లేదు. వీటన్నింటికంటే ముఖ్యమైనది మిష్నాలోని సన్‌హెద్రిన్ భాగం చెప్పిన మాట: నా తండ్రి నీ తండ్రికంటే గొప్పవాడని ఎవరూ అనకుండా ఉండడానికే దేవుడు మొదట మనిషిని ఒక్కణ్నే పుట్టించాడు. పురుషసూక్తంలో ముఖం, బాహువులు, ఊరువులు, పాదాలు అన్న విభజన చదివిన తెలుగు పండితులు ఈ వాక్యం దగ్గర కాసేపు మౌనంగా ఉండిపోవడం నేను చూశాను.

ఇక్కడే ఒక సంగతి చెబితే బృందం ఆసక్తిగా వింటుంది. గుంటూరు వైపు, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తాము ఎఫ్రాయీము గోత్రపువారమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలున్నాయి. వారు బెనే ఎఫ్రాయీములు. మాదిగ సమాజంలోంచి వచ్చి, కొన్నాళ్లు క్రైస్తవంలో ఉండి, యూదు ఆచారాలను చేపట్టినవారు. కులం కింద నలిగినవారు ఏర్పాటును ఎందుకు కోరుకున్నారన్నది ఒక సమావేశానికి సరిపడే ప్రశ్న.

క్రైస్తవుల దగ్గర అంటుకట్టిన కొమ్మ

క్రైస్తవ వ్యాఖ్యానానికి అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని (ఉత్తరంలోని) 9, 10, 11 అధ్యాయాలు కేంద్రం. వాటిని ముక్కలుగా కాక ఒక్క బిగిన చదవాలి. 11వ అధ్యాయంలో పౌలు ఒక ఒలీవ చెట్టును చూపుతాడు. వేరు అబ్రాహాముది, కొన్ని సహజమైన కొమ్మలు విరిచివేయబడ్డాయి, అన్యజనులైన, అంటే యూదులు కాని, మీరు అడవి ఒలీవ కొమ్మలు, మిమ్మల్ని తెచ్చి అంటుకట్టారు, కాబట్టి గర్వించవద్దు, వేరును మీరు మోయడం లేదు, వేరే మిమ్మల్ని మోస్తున్నది అంటాడు.

మా బృందంలో అనంతపురం నుంచి వచ్చిన ఒక చీనీ (బత్తాయి) రైతు ఉన్నాడు. ఆయన ఇది విని, మేము చేసేది దీనికి తలకిందులు కదా అన్నాడు. తోటల్లో జంబేరి లేదా రంగపూర్ నిమ్మ వంటి మొండి మొక్కను వేరుగా పెట్టుకొని దానిమీద మంచి చీనీ అంటు కడతారు. మంచి వేరుమీద అడవి కొమ్మను ఎవరూ కట్టరు. ఆయన అన్నది నిజం. పౌలుకూ అది తెలుసు. 24వ వచనంలో తానే ‘స్వభావ విరుద్ధముగా’ అన్నాడు. తోటమాలి లెక్కకు అందని పని దేవుడు చేశాడన్నదే ఆయన చెప్పదలచుకున్నది. ఎన్నో ఏళ్లు ఈ అధ్యాయం మీద ప్రసంగాలు విన్న నాకు, ఆ ఒక్క మాట బరువు చీనీ రైతు వల్ల తెలిసింది. వీలైతే బృందంలో ఒక తోట రైతును ఉంచుకోవడం మంచిది.

పౌలు ఆ అధ్యాయంలోనే దేవుని వరాలు, పిలుపు వెనక్కు తీసుకోబడవని కూడా అన్నాడు. తరువాతి సంఘం ఆ మాటను చాలాకాలం పక్కన పెట్టింది. పేతురు మొదటి పత్రిక 2వ అధ్యాయం 9వ వచనం, సీనాయి దగ్గరి బిరుదులనే తీసి క్రైస్తవ సంఘానికి తొడిగింది. 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ నిజమైన ఇశ్రాయేలు మేమే అన్నాడు. పాత భార్య స్థానంలోకి కొత్త భార్య వచ్చినట్టుగా సంఘం ఇశ్రాయేలు స్థానంలోకి వచ్చిందన్న ఈ భావన యూరపులో యూదులకు ఎంత కీడు చేసిందో దాచకుండా చెప్పాలి. 1543లో ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ యూదులమీద రాసిన ద్వేషపూరిత గ్రంథం పేరు ఎత్తకుండా ఈ భాగాన్ని ముగించడం నిజాయితీ కాదు. అమెరికాలోని ఒక పెద్ద లూథరన్ సంఘం 1994లో ఆ రాతలను బహిరంగంగా తోసిపుచ్చింది. కతోలిక సంఘం 1965 అక్టోబరు 28న ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటనలో, క్రీస్తు మరణానికి ఆనాటి యూదులందరినీ, నేటి యూదులను బాధ్యులను చేయరాదని, దేవుడు వారిని తోసివేసినట్టు చెప్పరాదని ప్రకటించింది.

మన వైపు స్వతంత్ర సంఘాల ప్రసంగాల్లో వినిపించేది వేరే ధోరణి. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధించిన ప్రకారం ఇశ్రాయేలు, సంఘం అనేవి దేవుని రెండు వేరు జనాలు, కడవరి దినాల్లో ఇశ్రాయేలుకు ప్రత్యేకమైన పాత్ర ఉంది. ఇది క్రైస్తవులందరి అభిప్రాయం కాదని, ప్రొటెస్టెంటుల్లోనే ఒక శాఖదని చెప్పి ముందుకు సాగితే చాలు. మరో ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ చెప్పిన ఏర్పాటు మరీ వేరు. అక్కడ లెక్క జనానిది కాదు, ఒక్కొక్క ఆత్మది.

ఖుర్ఆన్ ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ

ముస్లిం చదువరులు మొదట తేవలసిన ఆయతు (ఖుర్ఆన్ వాక్యం) 2:47, అంటే 2వ సూరా (అధ్యాయం) 47వ ఆయతు. ఇస్రాయీల్ సంతతి వారలారా, నేను మీకు చేసిన ఉపకారాన్ని, లోకాల కంటే మీకిచ్చిన ఘనతను జ్ఞప్తికి తెచ్చుకోండి అని అల్లాహ్ అక్కడ అంటాడు. 44:32 ఇంకా సూటిగా, వారిని తెలిసి తెలిసే ఎన్నుకున్నామంటుంది. ఈ ఆయతులు చూపగానే మా బృందంలోని క్రైస్తవులు, హిందువులు ఇద్దరూ ఆశ్చర్యపోయారు. తబరీ, ఇబ్న్ కసీర్ వంటి వ్యాఖ్యాతలు ‘లోకాలు’ అంటే ఆ కాలపు జనాలని వివరించారు. ఘనత నిజమే, శాశ్వతమైన హక్కు మాత్రం కాదు.

హద్దు ఎక్కడుందో 5:18 చూపుతుంది. మేము దేవుని బిడ్డలం, ఆయనకు ప్రియమైనవారం అని యూదులు, క్రైస్తవులు అంటే, అలాగైతే మీ పాపాలకు ఆయన మిమ్మల్ని ఎందుకు శిక్షిస్తాడు, మీరూ ఆయన పుట్టించిన మనుషులే అని సమాధానం. దీన్ని ఆమోసు 3:2 పక్కన పెట్టి చదివించాలి. శిక్ష పడుతున్నది కనుక ప్రత్యేకత లేదని ఖుర్ఆన్ వాదిస్తుంది. ప్రత్యేకత ఉన్నది కనుకనే శిక్ష అని ఆమోసు అంటాడు. ఒకే వాస్తవం మీద నిలబడి రెండు వైపులకు తిరిగిన వాదాలివి. 2:124లో ఇబ్రాహీము తన సంతతి గురించి అడిగితే, నా వాగ్దానం దుర్మార్గులకు చెందదన్న జవాబు వస్తుంది. వంశం ఒక్కటే చాలదన్నది అక్కడ తేలిపోతుంది. 49:13 ప్రకారం అల్లాహ్ దగ్గర ఘనుడు భయభక్తులు ఎక్కువ ఉన్నవాడే.

అయితే ఎన్నుకోవడమన్న భావన ఇస్లాంలో లేదనుకోవడం పొరపాటు. ముస్తఫా అన్న పేరు మన ఊళ్లో వీధికొకరికి ఉంటుంది. దాని అర్థమే ఎన్నుకోబడినవాడని. 3:33లో ఆదమును, నూహును, ఇబ్రాహీము కుటుంబాన్ని, ఇమ్రాన్ కుటుంబాన్ని ఎన్నుకున్న సంగతికి వాడినది ఆ ధాతువునే. 22:78 విశ్వాసులను ఉద్దేశించి ఆయన మిమ్మల్ని ఎన్నుకున్నాడంటుంది, 3:110 మీరు మేలైన సమాజం, మంచిని ఆదేశిస్తారు, చెడును వారిస్తారు అంటుంది. ఇక్కడా పని చెప్పిన తరువాతే బిరుదు నిలుస్తుంది. ఒక చిన్న ముడి కూడా విప్పి చూపవచ్చు: కొండను తలలమీద పట్టుకున్న కథ 2:63లోనూ 7:171లోనూ ఉంది. తాల్ముదు కథ చదివిన కొన్నాళ్లకు ఈ ఆయతును మా ఉర్దూ పండితుడు పారాయణం చేసినప్పుడు, గదిలో అందరికీ ఒకేసారి వెలిగింది.

హిందువుల వైపు నుంచి

ఈ సమావేశం సాధారణంగా ఒక ధీమాతో మొదలవుతుంది: మన ధర్మంలో దేవుడు ఎవరినీ ప్రత్యేకించి ఏర్పరచుకోడు, మనమే ఇష్టదైవాన్ని ఏర్పరచుకుంటాం. ఆ మాటలో నిజం ఉంది, కాని తొందర కూడా ఉంది. గీత 9వ అధ్యాయం 29వ శ్లోకాన్ని చదివించాలి. మొదటి సగంలో, నేను సర్వభూతాలకూ సముణ్ని, నాకు ద్వేష్యుడు లేడు, ప్రియుడు లేడు అంటాడు. రెండో సగం ‘అయితే’ అని మొదలై, భక్తితో భజించేవారు నాలో ఉన్నారు, నేను వారిలో ఉన్నాను అంటాడు. చిక్కంతా ఆ ‘అయితే’లో ఉంది.

కఠోపనిషత్తులోని ‘యమేవైష వృణుతే తేన లభ్యః’ అన్న వాక్యం ఇంకా దగ్గరగా వస్తుంది. సాధకుడు ఏ ఆత్మను వరిస్తాడో దాని చేతనే అది లభిస్తుందని శంకరులు అన్వయించారు. పరమాత్మ ఎవరిని వరిస్తాడో వారికే లభిస్తాడని రామానుజులు అన్వయించారు. సీనాయి కథలు రెండింటిలోని వాదమే ఇక్కడ వ్యాకరణంలో నడుస్తున్నది. ఆ తరువాతి శ్రీవైష్ణవులు కోతిపిల్ల తల్లిని పట్టుకుంటుందా, పిల్లికూనను తల్లే నోట కరచుకుంటుందా అని విడిపోయారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచు పిల్లను వరించాడని, చెంచులు ఆయనను అల్లుడిగా భావిస్తారని తెలియనివారు కర్నూలు వైపు ఉండరు. వరించడంలో కులాన్ని దాటడం ఆ కథకు ప్రాణం. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారు దూదేకుల ఇంటి సిద్దయ్యను శిష్యుడిగా స్వీకరించిన కథా అటువంటిదే.

దీనికి ఎదురుగా మంత్రాలయం సంప్రదాయాన్ని పెట్టాలి. రాఘవేంద్రస్వామి అనుసరించిన మధ్వ సిద్ధాంతంలో జీవులకు స్వభావసిద్ధమైన తారతమ్యం ఉంది. ముక్తికి యోగ్యులు, నిత్యం సంసారంలో తిరిగేవారు, తమస్సుకు చేరేవారు అని మూడు తెగలు. హలేవీ చెప్పిన జన్మతః వచ్చిన శక్తికి, కాల్విన్ చెప్పిన ఏర్పాటుకు మన దగ్గర దగ్గరి చుట్టం ఇదే. అయితే ఇది ఒక్కొక్క జీవుని సంగతి, జనానిది కాదు.

జనానికి, చరిత్రకు, ఒప్పందానికి సంబంధించిన పోలిక కావాలంటే సిద్ధాంతాలు వదిలి ఇంటికి రావాలి. ఇలవేల్పు ఉంది కదా. ఆ ఇంట పుట్టినవాడికి ఆ వేల్పుతో సంబంధం అడగకుండానే వస్తుంది. మొక్కు తప్పితే తగిలేది ఆ ఇంటివారికే, పొరుగింటివాడికి కాదు. పొరుగువాడు ఆ మొక్కు తీర్చకపోతే తప్పు లేదు. 613కూ 7కూ ఉన్న తేడాను ఇంత సులువుగా విప్పే మాట నాకు మరొకటి దొరకలేదు. తేడా ఒకటే, అది పెద్దది: యూదుల ఇలవేల్పు భూమ్యాకాశాలను సృష్టించినవాడు, ఫిలిష్తీయులను కూడా నడిపించినవాడు.

బౌద్ధులకు ఏర్పరచుకొనే దేవుడే లేడు కనుక ఈ ప్రశ్న వారి దగ్గర నిలవదు. సిక్కులకు 1699లో గురు గోవింద్ సింగ్ పిలుపుకు తలలివ్వడానికి లేచిన ఐదుగురి కథ ఉంది; సమయం ఉంటే ‘ఎవరు ఎవరిని’ అన్న ప్రశ్నకు అది మరో జవాబుగా పనికొస్తుంది.

నడిపేవారికి కొన్ని జాగ్రత్తలు

ప్రతి సమావేశంలోనూ మూడు ప్రశ్నలే బల్లమీద ఉండాలి: ఎవరు ఎవరిని ఏర్పరచుకున్నారు, ఏ పనికోసం, అది రద్దవుతుందా. మాట ఎటు వెళ్లినా ఈ మూడింటిలో ఒకదాని దగ్గరికి తిప్పుకురావాలి. నేటి ఇశ్రాయేలు రాజ్యం గురించి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. అది ముఖ్యమైన విషయమే, కాని వేరే విషయం; ఆ రాజ్యం 1948లో ఏర్పడింది, ఈ వాదం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందునుంచి నడుస్తున్నది. దానికి వేరే రోజు కేటాయిస్తామని చెప్పి, నిజంగానే కేటాయించాలి. మాట ఇచ్చి ఎగవేస్తే మరుసటి నెల మనుషులు రారు. మా మొదటి విడత చెడడానికి అదొక కారణం.

తమ మతం గురించి ఎవరూ మొదట మాట్లాడకూడదన్న నియమం పెట్టాలి. పౌలును ముస్లిం చదువరి, ఖుర్ఆన్ ఆయతును హిందూ చదువరి, కఠోపనిషత్తును పాస్టరుగారు పరిచయం చేయాలి. ఆ తరువాతే ఆ మతంవారు దిద్దాలి. యూదుల తరఫున మాట్లాడే బాధ్యతను ప్రతిసారీ ఒకరికి అప్పగించాలి, అతడు ఆ రోజు అభ్యంతరాలన్నింటికీ పైన చెప్పిన గ్రంథాల నుంచే జవాబు వెతకాలి. ఖాళీ కుర్చీ వేసి ఊరుకోవడం కంటే ఇది మేలు.

చివరి సమావేశానికి యోనా గ్రంథం పెట్టుకోవాలి. నాలుగే చిన్న అధ్యాయాలు. యూదులు దాన్ని తమ ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూరు నాటి మధ్యాహ్నం సమాజమందిరంలో చదువుతారు. మత్తయి సువార్తలో యేసు ఆ ప్రవక్తను ప్రస్తావిస్తాడు. ఖుర్ఆన్‌లో 10వ సూరాకు యూనుస్ అనే పేరు. ఏర్పరచబడిన జనంలోని ప్రవక్త శత్రునగరమైన నీనెవెకు వెళ్లనని పారిపోతాడు, వెళ్లిన తరువాత ఆ ఊరు బాగుపడినందుకు అలుగుతాడు. 1,20,000 మందికి పైగా మనుషులు, బోలెడన్ని పశువులు ఉన్న ఆ నగరం మీద నేను జాలి పడకూడదా అని దేవుడు అడగడంతో గ్రంథం ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు. అతడు ఏమని ఉంటాడో ఒక్కొక్కరినీ పేరు వేయకుండా చీటీమీద రాయమని, చీటీలన్నీ కలిపి చదివి, ఏది ఏ మతంవారు రాశారో పోల్చమనాలి. మా మిద్దెమీద ఆ సాయంత్రం పదకొండు చీటీలు వచ్చాయి. సరిగా పోల్చగలిగింది మూడింటినే.